కాయ కోస్తేనే తెలిసేది

ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే అవతల మహారాష్ట్ర. భాష మారుతుంది. నల్లరేగడి మారదు, పత్తీ మారదు. హింగన్‌ఘాట్ మీదుగా ఆ రోడ్డు నాగపూర్ చేరుతుంది. కేంద్ర పత్తి పరిశోధన సంస్థ ఉన్నది అక్కడే.

గులాబీరంగు పురుగుతో చిక్కేమిటంటే, కాయ పైకి నున్నగానే ఉంటుంది. పిల్లపురుగు దూరిన రంధ్రం పూడుకుపోతుంది. అందుకే పరిశోధకులు చేలల్లోంచి పచ్చికాయలు తెచ్చి కోస్తారు. దొరికిన పురుగుల్ని పెంచి, వాటి పిల్లలకు బీటీ విషం కలిపిన మేత పెడతారు. చచ్చాయా, సరే. తిని బలిశాయా, ఆ ప్రాంతంలో బీటీకి కాలం చెల్లుతున్నట్టే!

2002లో మన దేశంలోకొచ్చిన బీటీ పత్తికి ఆ కబురు 2010లో అందింది. గుజరాత్‌లోని అమ్రేలీ, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో పురుగు లొంగడం మానేసింది. 2006లో వచ్చిన రెండు జన్యువుల రకమైనా గట్టెక్కిస్తుందనుకుంటే, 2015 నాటికి అదే గుజరాత్‌లో దాన్నీ తట్టుకుంది.

విత్తన ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల బీటీ కాని విత్తనం ఇచ్చేవారు. చేను చుట్టూ వేస్తే అందులో మామూలు పురుగులు పెరుగుతాయి. బీటీ తిని బతికినవి వాటితో జతకడితే, పుట్టే పిల్లలు బీటీకి చస్తాయన్నది లెక్క. చాలామంది వేయలేదు. రెండెకరాల కౌలురైతును అయిదు వరసలు పురుగుకి వదలమంటే వదులుతాడా?

ఇప్పుడు చేలల్లో లింగాకర్షక బుట్టలు వేలాడుతున్నాయి. ఒక్కో బుట్టలో రాత్రికి 8 మగ రెక్కలపురుగుల చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే మందు కొట్టాలి. విచ్చుకోని గుడ్డిపూలు కనిపిస్తే ఏరి కాల్చేయాలి. జిన్నింగ్ మిల్లుల్లోనూ బుట్టలు కట్టమంటున్నారు. పత్తి అమ్మేసినా, గింజలో ముడుచుకున్న పురుగు అక్కడికీ చేరుతుంది మరి.