మోయ్‌లా కాలం

ఫిబ్రవరి మాసపు సాయంకాలాలలో భరత్‌పూర్ పరిసరాలలో స్కూటరు నడపడం ఒక పరీక్షయే. కళ్ళలో, ముక్కులో, చొక్కా మడతలలో పచ్చని నలుసులు చేరతాయి. అక్కడివారు వీటిని మోయ్‌లా అంటారు. మన రైతులు పేనుబంక అని పిలిచే కీటకమే, ఆవ పైరును పట్టే జాతి. విత్తన సరఫరా విధులపై 1996లో అక్కడికి చేరిన మేమిద్దరం చెరొక జత కళ్ళద్దాలు కొనుక్కొని, ఆ సమస్య తీరిందని భావించాము.

ఆ సంవత్సరం అక్టోబరు ఆరంభంలో చేరవలసిన విత్తనం, లారీల అద్దె విషయమై ఉత్తరప్రత్యుత్తరాలు ముగిసి, నవంబరు రెండవ వారంలో చేరింది. పంపిణీ పూర్తయినట్లు నివేదిక పంపి, నిశ్చింతగా ఉన్నాము.

ఫిబ్రవరిలో ఒక వృద్ధ రైతు మమ్మల్ని తన చేనికి తీసుకొనిపోయాడు. గట్టుకు ఆవల, సొంత విత్తనంతో సకాలంలో చల్లిన చేనులో కాయలు గట్టిపడుతున్నాయి. ఈవల మా విత్తనం అప్పుడే నిండు పూతలో ఉంది. ఒక కొమ్మ కొసను 10 సెంటీమీటర్ల మేర పట్టుకొని పురుగులను లెక్కించబోయి, 200 వద్ద విరమించాము. ఆకులపై తేనెబంక, దానిపై నల్లని బూజు.

ఈ కీటకపు లెక్క విచిత్రమైనది. ఆడపురుగు మగదానితో పని లేకుండానే పిల్లలను కంటుంది; గుడ్లు కాదు, పిల్లలనే. వారం పది రోజులలో ఆ పిల్లలూ తల్లులవుతాయి. చలి, మబ్బు, లేత పూగుత్తి మూడూ కలసివస్తే వాటి సంఖ్యకు పట్టపగ్గాలుండవు. కొమ్మపై చోటు ఇరుకైనా, మొక్క ముదిరినా రెక్కలవి పుట్టి ఎగిరిపోతాయి. మా కళ్ళలో పడినవి ఆ వలసపక్షులే! వీటిని తినే అక్షింతల పురుగులు లేకపోలేదు. కాని అవి ఆహారం సమృద్ధిగా పెరిగిన తరువాత గాని పెరగవు. మన తనిఖీ బృందాల వలె నష్టం జరిగిన పిమ్మటనే దర్శనమిస్తాయి. అక్టోబరులో చల్లిన పైరు, ఈ ఉద్ధృతి రాకముందే లేత దశ దాటుతుంది. పైరుకు రక్ష ఆ మూడు నాలుగు వారాలే. వాటిని హరించినది మేము.

తేనెటీగలు తగ్గే మధ్యాహ్నం వేళ వరకు ఆగి మందు చల్లించాము. పూత సగం అప్పటికే మాడింది. "మందు ఇచ్చారు, సంతోషం బాబూజీ. ఆ రోజులు కూడా ఇవ్వగలరా?" అన్నాడాయన. మేము బదులు చెప్పలేకపోయాము.

మరుసటి ఆగస్టులో విత్తనాన్ని ముందుగా పంపాలని కోరుతూ, కారణమనే గడిలో "పేనుబంక" అని వ్రాశాము. పేనుబంకకూ లారీ అద్దెకూ గల సంబంధమేమో వివరించవలసిందని పై కార్యాలయం లేఖ పంపింది. మేము మూడు పుటల జవాబు వ్రాశాము. విత్తనం సెప్టెంబరు 26న దిగింది.