పికప్పు మీద టాపు: కర్నూలు నుంచి కడప దాకా

[దృశ్యం: కొండారెడ్డి బురుజు ముందు తెల్ల పికప్పు. వెనక తొట్టి మీద నీలం టార్పాలిన్, నాలుగు మూలలా తాళ్లు.]

కర్నూల్లో ఉన్నాం. ఇంకా టిఫిన్ల వేళ కూడా కాలేదు, అప్పుడే ఎండ మెడ మీదికి ఎక్కింది. మన బండి తొట్టికి టాపు లేదు. ఫైబరుది వెయ్యాలా, ఇనుముదా, గుడ్డదా? కడప చేరేలోపు తేల్చుకుందాం. షోరూములో ఏసీ కింద కూర్చుని కేటలాగు తిప్పితే ఈ సంగతి తెగదు. టాపుకు పరీక్ష పెట్టేది ఇక్కడి ఎండా, ఇక్కడి దుమ్మూ.

ముందు బండి సంగతి. మన శ్రీసిటీలోనే 2016 నుంచి ఇసుజు డీమ్యాక్స్ వీ-క్రాస్ తయారవుతోంది. 2022లో టొయోటా హైలక్స్ కూడా మన దేశంలోకి వచ్చింది. రెండింట్లోనూ ముందు ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు, వెనక సామాను. కానీ తొట్టి పొడవు మీటరున్నర దగ్గరే, అంటే దాదాపు ఐదడుగులు. కాళ్లు చాపుకుని నిద్రపోదామనుకునేవాళ్లు టాపు ధర అడిగేముందు ఈ కొలత చూసుకోవాలి. లోపలికి ఉబ్బి ఉండే చక్రాల గూళ్లకు పైన ప్లైవుడ్ పలక పరిస్తే, మూల నుంచి మూలకు ఒక్క మనిషి ఎలాగో పడుకోవచ్చు. ఇద్దరికైతే వెనక డోరు దించి, దాని మీదికి పలక సాగదీయాల్సిందే. అప్పుడు టాపు తలుపు మూసుకోదు. ఆ వెలితికి గుడారపు గుడ్డ కుట్టించుకోవాలి.

పొడుగు తొట్టే కావాలంటే బొలెరో పికప్పుల్లో ఎనిమిది అడుగులు దాటినవి ఉన్నాయి. కాకపోతే పసుపు నంబరు ప్లేటు, బరువులు మోయడానికి కట్టిన గట్టి కమాన్‌పట్టీలు. ఖాళీగా తోలితే నడుము సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. 2021 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటికీ రేషన్ ఇవ్వడానికి 9,260 మినీ ట్రక్కులు రోడ్డెక్కించింది గుర్తుందా? 2025 జూన్ నుంచి ఆ పద్ధతి ఆపేశారు. చిన్న ట్రక్కు మీద రేకుల డబ్బా ఎలా కూర్చుంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, మన వీధిలోకి వచ్చిన బండే నమూనా. బియ్యానికి అది బాగానే సరిపోయింది. మే నెలలో మనిషి అందులో పడుకుంటే మాత్రం సంగటిలా ఉడికిపోతాడు.

[దృశ్యం: ఓర్వకల్లు రాళ్ల గుట్టలు. హైవే వదిలి బేతంచెర్ల వైపు మలుపు.]

ఈ పక్కనే గని, శకునాల ఊళ్ల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు. ఎంత ఎండ ఉంటే ఇక్కడ పెట్టి ఉంటారో ఆలోచించండి. అదే ఎండ మన టాపు మీదా పడుతుంది. కాబట్టి రంగు తెలుపే. బండి నలుపైనా సరే, టాపు తెలుపు. ఫొటోలో జోడీ కుదరకపోతే కుదరకపోనీండి. దాని మీద చిన్న సోలార్ ప్యానెల్ పెట్టేవాళ్లు టాపుకు అతికించకుండా రెండు మూడు అంగుళాల సందు వదలండి. ప్యానెల్ నీడ టాపు మీద పడుతుంది, సందులో గాలి ఆడుతుంది. ఒక ఖర్చుతో కరెంటూ, రెండో కప్పూ. ఆ కరెంటుతో ముందు ఫ్యాను తిప్పండి, ఫ్రిజ్జు తర్వాత.

[దృశ్యం: బేతంచెర్ల. రోడ్డు పక్క నాపరాళ్ల పాలిష్ యూనిట్లు, తెల్లటి పొడి.]

ఇక దుమ్ము. బేతంచెర్ల నుంచి బనగానపల్లె, కొలిమిగుండ్ల దాకా రాతిపొడి రాజ్యం. ముందు పోయే బండి లేపింది మనకు తగులుతుందనే అనుకుంటాం. అసలు పోటు వెనక నుంచి వస్తుంది. బండి పరిగెత్తేటప్పుడు దాని వీపు వెనక గాలి ఒత్తిడి తగ్గి, చక్రాలు లేపిన దుమ్ము అక్కడే సుళ్లు తిరుగుతుంది. ఆ దుమ్మును తొట్టి వెనక డోరు సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. టార్పాలిన్ ఎంత బిగించి కట్టినా మన సంచుల మీద పొర చూడండి.

[దృశ్యం: టార్పాలిన్ ఎత్తి, సంచి మీద వేలితో గీత.]

దీనికి రెండు పనులున్నాయి. వెనక డోరు చుట్టూ రబ్బరు బీడింగు వేయించాలి; తొట్టి అడుగు మూలల్లో చిల్లులు కూడా వదలకూడదు. రెండోది, టాపు ముందు భాగంలో పైకి తెరుచుకునే చిన్న గాలి మూత. నడిచేటప్పుడు అందులోంచి గాలి లోపలికి తోసుకొచ్చి ఒత్తిడి పెంచుతుంది, దుమ్ము లోపలికి రాకుండా బయటికే నెడుతుంది. అమెరికా వీడియోల్లో చలికి లోపల దూదిపరుపులు అతికించడం గంటసేపు చూపిస్తారు, ఈ మూత గురించి మాట్లాడరు. ఎర్రమట్టి దారుల్లో తిరిగే ఆస్ట్రేలియా వాళ్ల వీడియోలు మనకు దగ్గర.

[దృశ్యం: బెలుం గుహల పార్కింగ్, మిట్టమధ్యాహ్నం.]

బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. లోపల ఉక్క. మనం చూసొచ్చే గంట గంటన్నర బండి ఎండలో నిలబడుతుంది. మన సామాను ఎవరు చూస్తారు? టార్పాలిన్‌కు తాళం ఉండదు. కెమెరా, ల్యాప్‌టాప్ వెనక పెట్టి తిరిగేవాళ్లకు ఇక్కడ గుడ్డ టాపు ఓడిపోయింది, ఒప్పుకోవాలి. ఫైబరు టాపుకు తాళం పడుతుంది, బరువు 60 నుంచి 80 కిలోల దగ్గర ఉంటుంది. ఇనుముతో ఇక్కడే వెల్డింగ్ చేయిస్తే చౌక, గట్టిదే, బరువు మాత్రం పెరుగుతుంది. వానలు పడ్డాక కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలోకి దిగి చూడండి, ప్రతి కిలో చక్రానికి తెలుస్తుంది.

షెడ్డులో పని చెప్పేముందు ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. తొట్టికి చిల్లులు పెట్టి వెల్డింగ్ చేసే టాపు కంటే, క్లాంపులతో బిగించి మళ్లీ విప్పే రకం మేలు. అది కూడా అడిగి, వీలైతే రాతలో తీసుకుని, ఇన్సూరెన్సు వాళ్లకు చెప్పి పెట్టండి. ఇంకోటి, టాపు ఉంది కదా అని పిల్లల్ని వెనక కూర్చోబెట్టి తోలకండి. అది సామాను చోటు.

[దృశ్యం: గండికోట. పెన్నా లోయ అంచు, సాయంత్రం. ఎర్రమల కొండల మీద గాలి.]

గండికోటలో నిద్ర. ఇక్కడే నా లెక్క మారింది. మన వైపు ఎండాకాలం రాత్రి ఇంట్లో ఎవరు పడుకుంటారు? మిద్దె ఎక్కి నీళ్లు చల్లి, చాప వేస్తాం. అలాంటిది ఫైబరు డబ్బాలో దూరి పడుకోవడం దేనికి? మార్చి నుంచి జూన్ దాకా బండి పక్కన మడత మంచం, దోమతెర. అంతే. వెనక నిద్ర కావాల్సింది వానల్లో, కడప వైపైతే అక్టోబరు, నవంబరుల్లో కూడా. ఆ రాత్రుల కోసం టాపుకు రెండు పక్కలా జరిపే అద్దాలు, లోపల జాలీ ఉండాలి. ఒక పక్కే ఉంటే గాలి రాదు. పైకి పూర్తిగా లేచే పక్క తలుపులు సామాను తీయడానికి భలే వీలు, కానీ వానలో తెరిచి పడుకోలేం.

టాపు పైన గుడారం బిగించేవాళ్లు నిలబడ్డప్పుడు ఎంత మోస్తుందో కాదు, బండి గుంతల్లో ఎగిరేటప్పుడు ఎంత మోస్తుందో అడగండి. ఈ రెండు అంకెలూ వేరు, రెండోది బాగా తక్కువ. పైగా లోయ అంచున గాలికి ఆ గుడారం రాత్రంతా కొట్టుకుంటుంది.

లోపల పడుకున్నప్పుడు పొయ్యి వెలిగించొద్దు, బొగ్గుల కుంపటి అసలే వద్దు, ఏసీ కోసం ఇంజను ఆన్ చేసి నిద్రపోవద్దు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, లేపదు.

[దృశ్యం: కడప. కారం దోశె బండి, వెనక పికప్పు.]

కడపకొచ్చేశాం. నా ఎంపిక చెప్తాను. కుటుంబంతో తిరిగి, రాత్రికి లాడ్జీలో దిగేవాళ్లకు పైపుల చట్రం మీద మందపాటి కాన్వాసు చాలు. విలువైనవి ముందు సీట్లో. తొలకరికి జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వచ్చేవాళ్లు పట్ట కిందే రోజులు గడుపుతారు, మనకేం తక్కువ. నాలాగా కెమెరా సామానుతో ఒంటరిగా తిరిగేవాళ్లకు తెల్ల ఫైబరు టాపు, క్యాబిన్ ఎత్తుకు మించనిది, రెండు జాలీ కిటికీలు, ముందు గాలి మూత, వెనక బీడింగు. ఇనుప డబ్బా నేను వేయించను.

బిగించాక మొదటి వంద కిలోమీటర్లకు ఆగి క్లాంపులు మళ్లీ తిప్పి చూడండి, వదులై ఉంటాయి. ఎడమ పక్క ముందుది ముఖ్యంగా. మన రోడ్ల అంచు గుంతలన్నీ ఆ చక్రం కిందికే వస్తాయి.