పదిమందికి పంపండి

ముంబయి రోడ్డు మీది మా చిరాగ్‌పల్లి నుండి మేము ఫోన్‌లోనే ఆర్డర్లు తీసుకొని కొర్రలు, జొన్నలు అమ్ముతున్నాము. దుకాణం లేదు, బోర్డు లేదు. ఒకరికి పెట్టిన మెసేజ్ పదిమందికి పాకడమే మా ప్రచారం. 1996లో మొదలైన సబీర్ భాటియా హాట్‌మెయిల్ కూడా ఇలాగే పాకింది. వెళ్లే ప్రతి ఉత్తరం అడుగున, మీరూ ఉచితంగా ఖాతా తెరవండని ఒక ముక్క ఉండేది.

మేము ధర, బరువు మాత్రమే రాసినంతకాలం ఎవరూ ముందుకు పంపలేదు. ఒకరోజు మా చిన్నవాడు, "కొర్రలతో షుగర్ మాయం, పదిమందికి పంపండి" అని చేర్చాడు. మేము వద్దనలేదు. వారంలో ఆర్డర్లు మూడింతలయ్యాయి. పదిమందికి రాయకపోతే కీడని బెదిరించే కార్డులను ఒకప్పుడు చించి పొయ్యిలో వేసినవాళ్లమే!

తర్వాత ఒక అవ్వ ఫోన్ చేసింది. "బిడ్డా, గోలీలు బంద్ చేసిన. ఇంకో రెండు కిలోలు పంపు."

చేతులు చల్లబడ్డాయి. ఆమెను బతిమాలి డాక్టరు దగ్గరికి పంపాము. కొర్రలు తిండే, మందు కాదని అందరికీ రాశాము. ఫార్వర్డులు ఒకేసారి ఐదు చోట్లకే పోవాలని వాట్సాప్ 2018లో మన దేశంలో కట్టడి పెట్టింది. ఆ ఐదూ గుంపులైతే వందలమంది గదా! మా దిద్దుబాటును మాత్రం ముందుకు పంపినవారు ఇద్దరో ముగ్గురో.

పాత మెసేజ్ ఇప్పటికీ బీదర్ వైపు నుండి మాకే తిరిగి వస్తోంది. వచ్చినప్పుడల్లా పంపినవారికి ఫోన్ చేస్తున్నాము.