మూడేళ్ల కాగితం

మూడో సంవత్సరం రెండో సెమిస్టర్‌లో మా క్లాసులో ఒక జ్వరం పాకింది. ఎవరి లింక్డ్‌ఇన్ తెరిచినా సర్టిఫికెట్ ఫొటోలే, కింద వందల లైకులే. నా పేజీలో కాలేజీ ఫెస్ట్‌లో దిగిన ఫొటో ఒక్కటే ఉంది. ప్లేస్‌మెంట్లు చూస్తే దగ్గర పడుతున్నాయి. నాకూ భయం పట్టుకుంది.

ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్ పరీక్ష రాద్దామనుకున్నాను. 65 ప్రశ్నలు, 90 నిమిషాలు, వెయ్యికి 700 వస్తే పాస్. ఫీజు 100 డాలర్లు. పన్నుతో కలిపితే మన డబ్బుల్లో దాదాపు పదివేలు. మా నాన్న లారీ డ్రైవర్. ఫోన్ చేసి చెబితే "ఎందుకురా?" అని అడగలేదు. "ఎప్పటికల్లా కావాలి?" అన్నాడు. రెండు రోజుల్లో ఫోన్‌పేలో డబ్బులొచ్చాయి. ఎక్కడి నుంచి తెచ్చావని నేనూ అడగలేదు.

ఇప్పుడు ఒక నిజం చెప్పాలి. నేను చదివింది సబ్జెక్టు కాదు, డంప్స్. అంటే ఇంతకుముందు పరీక్షలో వచ్చాయని చెప్పుకునే ప్రశ్నలూ జవాబులూ. సీనియర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. అవి వాడకూడదని పరీక్ష నిబంధనల్లోనే ఉంది, నాకూ తెలుసు. అయినా పది రోజులు బట్టీ పట్టాను. పాసయ్యాను. నాకూ లైకులు వచ్చాయి.

ఆగస్టులో మొదటి ఇంటర్వ్యూ. నా రెజ్యూమె చూడగానే మేడమ్ నవ్వి "క్లౌడ్ సర్టిఫికెట్ ఉందే, గుడ్" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత చాలా మామూలుగా అడిగారు: "ఒక ఈసీ2 మెషీన్‌ని స్టాప్ చేసి, మళ్లీ స్టార్ట్ చేశావనుకో. దాని పబ్లిక్ ఐపీ అడ్రస్ ఏమవుతుంది?"

"మారదు మేడమ్" అన్నాను.

"ఎప్పుడైనా చేసి చూశావా?"

నోరు పెగల్లేదు. ఎలాస్టిక్ ఐపీ అంటే ఏంటో ఒక వాక్యంలో అప్పజెప్పగలను. కానీ అది ఎందుకు పుట్టిందో ఆ రోజుదాకా ఆలోచించనే లేదు. ఆ రౌండ్‌తోనే ఇంటికి పంపేశారు. ఆ సర్టిఫికెట్ రెజ్యూమెలో లేకపోతే ఆ ప్రశ్నే వచ్చేది కాదేమో!

దసరా సెలవులకి ఇంటికెళ్లినప్పుడు నాన్నకి జరిగిందంతా చెప్పాను, డంప్స్ సంగతితో సహా. తిడతాడనుకున్నా. కాసేపు ఊరుకుని, "ఆ కాగితం ఎన్నాళ్లు చెల్లుతుంది?" అన్నాడు.

"మూడేళ్లు నాన్నా. తర్వాత మళ్లీ రాయాలి."

"మా హెవీ లైసెన్సు కూడా రెన్యూవల్ చేయించాల్సిందేలే. అది లేకపోతే ఏ ఓనరూ బండి తాళం ఇవ్వడు. కానీ లైసెన్సు వచ్చాక కూడా ఏడాదిపాటు నేను క్లీనర్‌గానే తిరిగా. లోడు బండితో ఘాట్ దిగేటప్పుడు ఏ గేర్‌లో దిగాలో పక్కన కూర్చుని చూశాకే స్టీరింగ్ ఇచ్చారు."

అంతే. ఇంకేం అనలేదు.

కాలేజీకి తిరిగొచ్చాక మా మినీ ప్రాజెక్టుని ఈసీ2లో పెట్టాను. బిల్లు వస్తుందన్న భయంతో రాత్రి స్టాప్ చేసి పడుకున్నా. పొద్దున స్టార్ట్ చేసి పాత అడ్రస్ కొడితే సైట్ తెరుచుకోలేదు. ఐపీ మారిపోయింది! ఆ జవాబు ఇక జన్మలో మర్చిపోను.

అలాగని సర్టిఫికెట్లు దండగ అని నేను అనను. ఏం నేర్చుకోవాలో తెలియని వాడికి సిలబస్ ఒక దారి చూపిస్తుంది. పరీక్ష తేదీ ఉంటే బద్ధకం కాస్త వదులుతుంది. నా విషయంలోనైతే ఆ మేడమ్ కళ్లు ముందు ఆగింది దానిమీదే. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల జావా కోర్సు 12 వారాలు నిజాయితీగా చేసిన మా రూమ్మేట్, ల్యాబ్‌లో అందరి ఎర్రర్లూ సరిచేసేవాడు. అక్కడా అసైన్‌మెంట్ జవాబులు గ్రూపుల్లో తిరుగుతాయి. వాడు వాటిని తెరవలేదు, అంతే తేడా.

కాబట్టి జూనియర్లూ, ఇంట్లో పదివేలు అడిగే ముందు ఒక పని చేయండి. క్లౌడ్ ప్రాక్టీషనర్ పాఠాలు ఏడబ్ల్యూఎస్ వాళ్లే స్కిల్ బిల్డర్‌లో ఉచితంగా ఇస్తున్నారు. ముందు అవి చదవండి, చిన్నదో పెద్దదో ఒకటి కట్టి, చెడగొట్టి, మళ్లీ బాగుచేయండి. అప్పటికీ పరీక్ష రాయాలనిపిస్తే ధైర్యంగా ఫీజు కట్టండి.

ఇది రాసే నాటికి నాకింకా ఆఫర్ లెటర్ రాలేదు. వచ్చే వారం మరో ఇంటర్వ్యూ ఉంది. రెజ్యూమెలో సర్టిఫికెట్‌ని కిందికి దించి, ప్రాజెక్టుని పైకి తెచ్చాను. మొన్న ఫోన్లో ఎట్టకేలకు నాన్నని అడిగాను, ఆ పదివేలు ఎక్కడివని. "బత్తా డబ్బులు అడ్వాన్సు తీసుకున్నాలే" అన్నాడు. బత్తా అంటే దారిలో అన్నం తినడానికి ఓనర్ ఇచ్చే డబ్బు.