మూడు బంతుల బాకీ

క్రికెట్‌లో పరుగులు లెక్కపెట్టేవాళ్లు కోట్లమంది. నా పిచ్చి వేరు. గంటకు ఎన్ని ఓవర్లు పడ్డాయో చూసుకుంటాను. టెస్టులో రోజుకు 90 ఓవర్లు, గంటకు 15. అంటే ఓవరుకు నాలుగే నిమిషాలు.

2024 జనవరి 25న ఉప్పల్‌లో ఇంగ్లండ్‌తో టెస్టు మొదటి రోజు. ఫోన్‌లో పద్దు రాసుకుంటుంటే పక్క సీటు కుర్రాడు తొంగిచూశాడు.

"తెర మీద స్కోర్ పడుతనే ఉంది గద అంకుల్, మళ్ల రాసుడెందుకు?"

"స్కోరు కాదు బాబూ, టైము."

నన్నోసారి ఎగాదిగా చూసి సమోసా పొట్లం వైపు తిరిగాడు.

వాడి తప్పేం లేదు. ఇది తిన్నగా తేలే భాగహారం కాదు మరి. వికెట్ పడి కొత్త బ్యాటర్ వస్తే ఫీల్డింగ్ జట్టుకు 2 నిమిషాలు మినహాయింపు. డ్రింక్స్‌కు 4. ఫిజియో పరుగెత్తుకొస్తే ఆయన మైదానంలో ఉన్నంతసేపూ, రివ్యూ అడిగితే థర్డ్ అంపైర్ తేల్చేదాకా పట్టినంతసేపూ తీసేయాలి. బ్యాటర్లు కావాలని తాత్సారం చేస్తే అదీ కొట్టేయాలి. చిల్లరకొట్టు ఖాతా కూడా ఇంతకన్నా సులువుగా తేలుతుంది.

ఈ ఖాతా తేడా కొడితే ఏమవుతుందో 2012లో పెర్త్‌లో చూశాం. నలుగురు ఫాస్ట్ బౌలర్లతో దిగి, ఇన్నింగ్స్ తేడాతో ఓడి, మూడో రోజే మూటా ముల్లె సర్దుకున్నాం. రెండు రోజుల ఆట మిగిలిపోయినా, ఓవర్లు ఆలస్యంగా వేయించాడని ధోనీని మరుసటి టెస్టుకు పక్కనపెట్టారు. అడిలైడ్‌లో సెహ్వాగ్ సారథ్యం చేశాడు. 2020 డిసెంబరులో ఇదే దెబ్బ ఆస్ట్రేలియాకు తగిలింది. మెల్‌బోర్న్‌లో మన చేతిలో ఓడింది చాలక, నిదానానికి 4 పాయింట్లు పోగొట్టుకుంది. ఆ నాలుగే 2021 టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌ను దూరం చేశాయి. న్యూజిలాండ్ వెళ్లింది, కప్పు ఎత్తుకొచ్చింది.

ఇప్పుడు ఓవరుకూ ఓవరుకూ నడుమ 60 సెకన్ల గడియారం పెట్టారు. మంచిదే. కానీ ఓవరు మధ్యలో కెప్టెనూ బౌలరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సాగించే మంతనాలు దాని లెక్కలోకి రావు. నాకు మాత్రం అసలు దొంగలు అక్కడే దొరికేది.

ఉప్పల్‌లో ఆ బాధ లేదు. జడేజా బంతి వేసి, తిరిగొచ్చి, మనం సర్దుకుని కూర్చునేలోపు మళ్లీ వేసేస్తాడు. అశ్విన్ 21, జడేజా 18, అక్షర్ 13. ఇంగ్లండ్ ఇన్నింగ్స్‌లో 52 ఓవర్లు వీళ్లవే. నా పద్దు కళకళలాడింది. కుర్రాడి మొహం మాత్రం ముడుచుకుపోయింది.

"సిరాజన్నకియ్యుండ్రి!" అని అరుస్తూనే ఉన్నాడు.

ఊరి పిల్లాడికి దక్కింది 4 ఓవర్లే. నాకూ సిరాజ్ అంటే ప్రాణమే గానీ, అతను అంత దూరం నుంచి పరుగెత్తుకు రావడం నా లెక్కకు గిట్టదు. ఆ మాట పైకి అనలేదు. చుట్టూ హైదరాబాదీలే.

ఆట ముగిసేసరికి ఇంగ్లండ్ 64.3 ఓవర్లలో 246కు ఆలౌట్, మనవాళ్లు 23 ఓవర్లలో ఒక వికెట్‌కు 119. కుర్రాడు తన ఫోన్ తీసి కూడాడు.

"87 ఓవర్ల మూడు బాళ్లే అయినయ్ అంకుల్. 90 అంటరు గద?"

ఇన్నింగ్స్ మారితే 2 ఓవర్లు కొట్టేస్తారని చెప్పాను.

"అట్లైనా 88 కావాలె. మూడు బాళ్లు ఏడ వోయినయ్?"

ఈసారి నాకు నిజంగా ముచ్చటేసింది. బుమ్రా తన ఓవర్ మూడో బంతికి స్టోక్స్‌ను బౌల్డ్ చేసి ఇన్నింగ్స్ ముగించాడు. మిగతా మూడూ ఇక పడవు, అయినా పద్దులో అది నిండు ఓవరే. 65, 23, కలిపి 88. వివరంగా చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు.

మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "గా మూడు బాళ్లన్న సిరాజన్నతోటి ఏపిస్తే అయిపోతుండె గద" అన్నాడు.