గోపాలపూర్ దారి - రెండు చక్రాల మీద

బరంపురం వారికి గోపాలపూర్ దారిని గురించి కొత్తగా చెప్పవలసిన పని లేదు. ఊరినుంచి పదహారు కిలోమీటర్లు. కార్తీకమాసంలో సముద్రస్నానానికీ, ఎవరైనా చుట్టాలు వస్తే చూపించడానికీ ఏడాదికి నాలుగైదు సార్లు ఎలాగూ పోతూనే ఉంటాము. ఇలా చిన్ననాటినుంచీ ఎరిగిన దారిని, నలభై ఆరో ఏట మొదటిసారి చూశామంటే పాఠకులు నవ్వుతారేమో. కాని మాట నిజం. బస్సులో కూర్చున్నవాడికి దారి కిటికీలోనుంచి కనబడుతుంది. మోటారు సైకిలు మీద కొత్తగా కూర్చున్నవాడికి అది అరికాళ్ళలోనూ, అరచేతుల్లోనూ, ముఖ్యంగా గుండెల్లోనూ కనబడుతుంది.

ఈ వయసులో ఈ సరదా ఏమిటని మా ఆఫీసులో అడగనివారు లేరు. సరదా కాదు. మా అక్కయ్య గోపాలపూర్‌లో ఒంటరిగా ఉంటున్నది. బావగారు పోయిన తరువాత మా ఇంటికి వచ్చెయ్యమని ఎంత చెప్పినా వినలేదు. "ఆ హోరు చెవిని పడకపోతే నాకు నిద్ర పట్టదురా" అంటుంది. ఆవిడకు ఉబ్బసం. ఒకనాటి రాత్రి ఆవిడకు ఎగశ్వాసగా ఉన్నదని పొరుగువారు ఫోను చేస్తే, ఆటో కోసం గంటంబావు చౌకులో నిలబడ్డాము. ఆ గంటంబావులోనే మా నిశ్చయం జరిగింది. అంతవరకు సైకిలు తప్ప మరొక వాహనం తొక్కి ఎరగము. రోడ్డు మీద మోటారు సైకిళ్ళ పక్కనుంచి నడవాలంటేనే ఒక అడుగు దూరం జరిగే స్వభావం మాది.

బండి వెతుక్కోనక్కరలేకపోయింది. మా బావమరిది కొత్తది కొనుక్కొని, తన పాత నూరు సీసీ బండిని మాకు అప్పగించాడు. నేర్పే భారం కూడా తానే నెత్తిన వేసుకొన్నాడు. ఇక్కడొక చిక్కు ఉన్నది. మేమతనికి పెద్ద బావగారము. పెళ్ళిలో కాళ్ళు కడిగించుకొన్నవారము. గురుస్థానంలో ఉన్నవాడు శిష్యుణ్ణి మందలించక తప్పదు, బావగారిని మందలించకూడదు. అతను దీనికొక ఉపాయం కనిపెట్టాడు. తిట్టవలసి వచ్చినప్పుడల్లా బండిని తిట్టేవాడు. "ఇదిగో, బావగారు చెప్పినట్లు వినవేం?" అని టాంకు మీద ఒక దెబ్బ వేసేవాడు. ఆ దెబ్బ ఎవరిదో మాకు తెలుస్తూనే ఉండేది.

ముందుగా లెర్నర్ లైసెన్సు తీసుకొన్నాము. అది ఆరు నెలలు చెల్లుతుంది. నెల నిండిన తరువాతే అసలు పరీక్షకు పోవాలి. బండికి ముందూ వెనుకా తెల్లని పలక మీద ఎర్రగా 'ఎల్' అక్షరం ఉండాలి. ఆ అక్షరం ఉన్నంత కాలం నేర్పేవాణ్ణి తప్ప మరెవ్వరినీ వెనుక ఎక్కించుకోకూడదని నిబంధన. మా ఇంటావిడ ఈ సంగతి విని, "పోనీలెండి, ప్రభుత్వంవారికి నామీద దయ ఉన్నది" అన్నది.

తెల్లవారుజామున ఊరి చివర మైదానంలో పాఠాలు మొదలైనాయి. మొదటి మూడు రోజులూ పాఠమంతా క్లచ్చిని గురించే. ఇంజను తిరుగుడుకూ చక్రం తిరుగుడుకూ మధ్య అదొక తలుపు వంటిది. పిడి నొక్కితే తలుపు మూసుకొంటుంది. ఇంజను తన మానాన తాను తిరుగుతుంది. వదిలితే తెరుచుకొని, ఆ బలం చక్రానికి పోతుంది. టక్కున వదిలితే బండి ఒక్క గంతు వేసి ఆగిపోతుంది. నిండు బిందెను చంకనుంచి నేలకు దించుతున్నట్లు వదలాలి. సగం వదిలేసరికి బండి కొంచెం వణుకుతుంది. ఆ వణుకు చేతికి తెలిసిన రోజున సగం విద్య వచ్చినట్లే. మా బండికి నాలుగు గేర్లూ ముందుకు నొక్కేవే. ఆఫీసులో పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరు ఇది విని పెదవి విరిచారు. ఆయన నేర్చుకొన్నది పాత బుల్లెట్టు మీద. దానికి గేరు కుడికాలికి ఉండేది, బ్రేకు ఎడమకాలికి. 1955లో మద్రాసులో బుల్లెట్టు, 1961లో మైసూరులో జావా తయారు కావడం మొదలైన నాటి సంగతులు చెప్పి, "మీవి బొమ్మ బండ్లండీ" అని తేల్చివేశారు.

రెండవ పాఠం చూపును గురించి. కొత్తవాడి చూపు ముందు చక్రం మీదనే ఉంటుంది. "బావగారూ, చక్రాన్ని చూడకండి, అదెక్కడికీ పోదు. మీరు ఎటు చూస్తే బండి అటే పోతుంది" అనేవాడు బావమరిది. ఇది చమత్కారం కాదు, అక్షరాలా నిజం. గుంటను చూస్తూ గుంటను తప్పించడం కష్టం. గుంట పక్కనున్న మంచి నేలను చూడాలి. భయపడినవాడు భయపడిన వస్తువునే చూస్తాడు గనుక దాని మీదికే పోతాడు.

మైదానంనుంచి ఊళ్ళోకి వచ్చేసరికి మరో లోకం. బడాబజారు, కోర్టుపేట, గేటు బజారు - బరంపురం వీధులు మోటారు సైకిలు కోసం వేసినవి కావు. పట్టుచీరల కొట్లముందు బేరాలు, అప్పడాల సంచులు దించుతున్న తోపుడుబండ్లు, నడివీధిలో నెమరువేసే ఆవులు. వేగంగా పోవడం కష్టమని అందరూ అనుకొంటారు. అసలు కష్టం నెమ్మదిగా పోవడంలో ఉన్నది. వేగంలో చక్రాలు తమంతట తామే నిలబడతాయి. నడక వేగంలో మనమే నిలబెట్టాలి. క్లచ్చి సగం పట్టి, వెనుక బ్రేకు కొంచెం అదిమి, చూపు దూరంగా నిలిపితే బండి ఆవుకూ తోపుడుబండికీ మధ్యనుంచి మర్యాదగా పోతుంది.

ఈ వీధులలో మనకున్న సౌకర్యం ఒకటి చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆనాటినుంచీ పేటలూ సాహీలూ కలిసిపోయిన ఊరు గనుక, అడ్డం వచ్చిన కొత్తవాణ్ణి ఇక్కడివారు రెండు భాషల్లోనూ మందలించగలరు. చౌకులో మా బండి ఆగిపోయినప్పుడు వెనుక రిక్షా అతను ఒడియాలో "ధీరే, ఆజ్ఞా, ధీరే" అన్నాడు - నెమ్మది, బాబూ, నెమ్మది అని. పక్కనే పూలమ్మే ఆవిడ "కంగారెందుకు నాయనా, మేవెక్కడికీ పోం" అని తెలుగులో అన్నది. రెంటికీ అర్థం ఒకటే. ఆ పూట మాకది ఎంతో ధైర్యమైంది.

ఊరు దాటిన తరువాత 16వ నంబరు జాతీయ రహదారి వస్తుంది. మద్రాసునుంచి కలకత్తాకు పోయే లారీలన్నీ దానిమీదనే. మా భయమంతా అక్కడ గుడి కట్టుకొని ఉండేది. దానిని దాటడానికి ముందు బావమరిది ఒక లెక్క చెప్పాడు. గంటకు నలభై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు పదకొండు మీటర్లు. ఆపాలని తోచి చెయ్యి కదిలేలోగానే బండి ఒక పెద్ద గది పొడుగు ముందుకు పోయి ఉంటుంది. వేగం ఇరవైనుంచి నలభైకి పెరిగితే, బ్రేకు పట్టిన తరువాత దొర్లే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. గుమాస్తా పని చేసినవారము గనుక ఈ లెక్క మనసుకు పట్టింది. మనకు పదకొండు మీటర్లయితే, ఎనభైలో వచ్చే లారీకి ఇరవై రెండు. కనుక లారీ దూరంగా ఉన్నదని తోచడం వేరు, ఉండడం వేరు. ఆగి, రెండు వైపులా చూసి, రోడ్డు ఖాళీ అయిన తరువాతే దాటాలి. వెనుకవాడు హారను కొడితే కొట్టనీ.

రహదారి దాటి, బరంపురం విశ్వవిద్యాలయం ఉన్న భంజవిహార్ వైపు సాగితే దారి మనసు విప్పుతుంది. 1967లో వెలసిన ఈ విశ్వవిద్యాలయపు ఆవరణకు కవి ఉపేంద్ర భంజుని పేరు పెట్టారు. మూడవ గేరు, నాలుగవ గేరు ఇక్కడ నేర్చుకొన్నాము. కాలేజీ పిల్లలు మమ్మల్ని దాటిపోతూ ఎర్ర అక్షరాన్నీ, మా నెరిసిన మీసాన్నీ మార్చి మార్చి చూసేవారు.

వానాకాలంలో ఈ దారిన పోవాలి. రంగైలుండ ప్రాంతమంతా మొగలిపొదలు. గంజాం మొగలిపువ్వుకు దేశమంతటా పేరు. పూలను రాగి డేగిసాలలో ఉడికించి, ఆవిరి పట్టి అత్తరు తీస్తారు. ఇన్నేళ్ళు బస్సులో పోయినా ఆ వాసన మాకు తెలియలేదు. డీజిలు పొగే తెలిసింది. హెల్మెట్టు అద్దం ఒక్క వేలెడు పైకెత్తితే, తడిసిన ఇసుక వాసనతో కలిసి ఆ పరిమళం వచ్చింది. ఆ పైన సరుగుడు తోటలు. అక్కడినుంచి సముద్రపు గాలి పక్కనుంచి తోస్తుంది. గాలి తోసినప్పుడు హేండిలును బిగించి పట్టకూడదు. చేతులు వదులుగా ఉంచితే బండి తానే సర్దుకొంటుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను ఈ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు రెండువందల కిలోమీటర్లు మించింది. ముందుగానే లక్షలాది జనాన్ని తరలించడంవల్ల ప్రాణనష్టం తక్కువ. చెట్లకు మాత్రం దిక్కులేకపోయింది. ఆ రాత్రి అక్కయ్య బడి భవనంలో తలదాచుకొన్నది. మేము రోడ్డు తెరిచేదాకా ఊళ్ళోనే ఉండిపోయాము.

గోపాలపూర్‌లో చివరి పాఠం బ్రేకుది. పొడి రోడ్డు మీద బండిని ఆపే పనిలో ఎక్కువ పాలు ముందు బ్రేకుదే. ఆగేటప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది గనుక. కాని తీరం దగ్గర గాలికి ఇసుక కొట్టుకొని వచ్చి రోడ్డు మీద పరుచుకొంటుంది. ఇసుక మీద ముందు బ్రేకు గట్టిగా పట్టితే చక్రం జారుతుంది. కనుక ఇసుక రాకముందే వేగం తగ్గించుకోవాలి. 2019 తరువాతి కొత్త చిన్న బండ్లకు ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పట్టే ఏర్పాటైనా ఉంటుంది. మా పాత బండికి మా బుద్ధే ఏర్పాటు.

తీరాన బండి నిలిపి చూస్తే దీపస్తంభం, అలలు, పాత రేవు శిథిలాలు. ఆ శిథిలాలను చూస్తే మన ఇళ్ళలో చాలామందికి ఒక తాత గుర్తుకు రావాలి. రంగం పోయిన తాతలు ఇక్కడే పడవ ఎక్కి, అలలు దాటి, దూరాన నిలిచిన స్టీమరు అందుకొన్నారు. 1930లో రంగూన్ రేవులో మన కూలీల మీద దాడులు జరిగాయి. 1942లో జపానువారు వచ్చినప్పుడు ఎందరో అడవులగుండా నడిచి తిరిగివచ్చారు, ఎందరో రాలేదు. మా తల్లిగారి తండ్రి వచ్చినవారిలో ఒకరు. ఈత రానివాడు ఆ సముద్రం దాటాడని అక్కయ్య చెబుతూ ఉంటుంది. భయం లేక కాదు, ఇంట్లో పొయ్యి వెలగాలని.

నెల తిరిగాక పరీక్షలో కాలు నేల మోపకుండా '8' అంకె చుట్టి చూపించి లైసెన్సు తీసుకొన్నాము. ఎర్ర అక్షరాలు పీకేసిన రోజున మా ఇంటావిడ కొత్త హెల్మెట్టుకు కుంకుమబొట్టు పెట్టి ధరించి, "ఇక దయ లేదన్నమాట" అంటూ ఎక్కింది.

పోయిన మార్గశిరంలో రాత్రి పదింటికి మళ్ళీ ఫోను వచ్చింది. ఈసారి చౌకులో నిలబడలేదు. ఎదురు లారీల దీపాలు కళ్ళలో పడ్డప్పుడు వాటిని చూడక రోడ్డు ఎడమ అంచును చూస్తూ, ముప్ఫై దాటకుండా నలభై నిమిషాల్లో చేరాము. మందు పీల్చే గొట్టం ఖాళీ అయిపోయి కూర్చున్నది ఆవిడ. కొత్తది తీసుకొని వెళ్ళాము గనుక అరగంటలో ఊపిరి కుదుటపడ్డది. తెల్లవారి హెల్మెట్టు పెట్టి వెనుక కూర్చోబెట్టుకొని, బరంపురం డాక్టరు దగ్గరకు తీసుకొని వచ్చాము. దారిలో మొగలిపొదల దగ్గర ఆవిడ అన్నది: "ఒరేయ్, చిన్నప్పుడు నిన్ను నేను చంకనెత్తుకొని ఈ దారినే తీసుకొచ్చాను. ఆనాడు నువ్వు ఒకటే ఏడుపు."

"ఇప్పుడు నువ్వు ఏడవకుండా కూర్చో" అన్నాము.

భయం పోయిందా అని కొందరు అడుగుతున్నారు. పోలేదు. పోనక్కరలేదని మా అభిప్రాయం. ముందు సీటులో కూర్చోనివ్వకుండా, వెనుక కూర్చోబెట్టుకొంటే అది "నెమ్మది, నెమ్మది" అని గుర్తుచేస్తూ ఉంటుంది. పెద్దవారు ఒక ఊళ్ళోనూ, మనం మరొక ఊళ్ళోనూ ఉన్న సోదరులు వయసు మీరిందని జంకవద్దు. హెల్మెట్టు కొనండి, తెల్లవారుజామున మైదానానికి పొండి, తిట్టవలసినప్పుడు బండిని తిట్టే గురువును వెతుక్కోండి.