రాయగడలో ఫ్రాంజ్ ఆస్టెన్

జూన్ 9, రాయగడ
రాత్రి ‘అఛూత్ కన్య’ మళ్ళీ చూశాను. 1936 నాటి బాంబే టాకీస్ సినిమా. దర్శకుడు మ్యూనిక్‌లో పుట్టిన ఫ్రాంజ్ ఆస్టెన్. కథంతా రైలు గేటు దగ్గరే. గేటు కాసే దళితుడి కూతురు కస్తూరి. ఆమెను ప్రేమించినవాడు కొట్టు నడిపే బ్రాహ్మణుడి కొడుకు ప్రతాప్. చివర ఇద్దరు మగవాళ్ళు కొట్లాటలో పడి పట్టాలు మరిచిపోతే, వాళ్ళను కాపాడాలని కస్తూరి రైలుకు ఎదురు పరుగెత్తి ప్రాణం ఇస్తుంది. మా రాయగడ మీదుగా వెళ్ళే విజయనగరం–రాయపూర్ లైను 1931లో పూర్తయింది. మా చుట్టరికాలు, పెళ్ళి సంబంధాలు ఇప్పటికీ ఆ దారినే నడుస్తాయి. అందుకే ఆ గేటు మాకు పరాయిది కాదు.

జూన్ 10
మామయ్య అడిగారు: “ఆ జర్మనీ దొరకి హిందీ వచ్చా, బాబూ?”
“రాదు మామయ్యా.”
“మరెలా తీశాడు?”
కథ నిరంజన్ పాల్‌ది, సంగీతం సరస్వతీ దేవిది, సంస్థను నడిపింది హిమాంశు రాయ్, కెమెరా జోసెఫ్ విర్షింగ్‌ది అని చెప్పాను. ఆస్టెన్ మూకీల్లో పండిన మనిషి. మాట అర్థం కాకపోయినా మొహంలో భావం పలికిందో లేదో పట్టగలడు.

జూన్ 14, కొరాపుట్
పొద్దుట్నుంచి వాన. కస్తూరిగా వేసిన దేవికారాణి 1908లో వాల్తేరులో పుట్టింది. అప్పటికి కొరాపుట్, రాయగడ కూడా విశాఖపట్నం జిల్లాలోవే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు విడిపోయాం. ‘అఛూత్ కన్య’ వచ్చింది కూడా ఆ ఏడాదే. మా తాతల జిల్లాలో పుట్టిన అమ్మాయి అనుకుంటే గర్వంగా ఉంటుంది.

జూన్ 15
ఆస్టెన్ ఇక్కడ తీసిన మూకీలు మూడు: 1925లో బుద్ధుడి కథ ‘ప్రేమ్ సన్యాస్’, 1928లో తాజ్‌మహల్ మీద ‘షీరాజ్’, 1929లో జూదం కథ ‘ప్రపంచ పాశ్’. మూడోది అన్నిటికన్నా గొప్పదని నా నమ్మకం. నిజమైన కోటలు, ఏనుగులు, గుర్రాలు, ఇసుకవేస్తే రాలనంత జనం. అంత హంగామాలోనూ పాచికలు పట్టుకున్న రాజు చేతి మీదనుంచి మన కన్ను కదలదు. భారతంలో ఎన్నిసార్లు విన్న జూదమైనా ఇక్కడ మళ్ళీ గుండె దడదడలాడుతుంది.

జూన్ 18
మింగుడు పడని సంగతి. అదే 1936లో ఆస్టెన్ నాజీ పార్టీలో చేరాడు. అంటరానితనం మీద సినిమా తీసిన చెయ్యే ఆ సభ్యత్వం మీద సంతకం పెట్టింది. నాకు కోపం వస్తుంది, రావాలి కూడా. కళ గొప్పదని ఆ తప్పును కడిగేయలేం. 1939లో ‘కంగన్’ తీస్తుండగా యుద్ధం మొదలైంది, బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని నిర్బంధించింది. తర్వాత జర్మనీ చేరాడు. మళ్ళీ మన సినిమా తీయలేదు. విర్షింగ్ మాత్రం ఇక్కడే ఉండిపోయాడు. ‘మహల్’కీ, ‘పాకీజా’కీ కెమెరా ఆయనదే. 1967లో పోయాడు, ‘పాకీజా’ 1972లో గానీ విడుదల కాలేదు.

జూన్ 21, రాయగడ
ఆస్టెన్ 1956లో చనిపోయాడు. ‘అఛూత్ కన్య’ను మన ఇళ్ళలో పిల్లలతో కలిసి చూడండి. కథ నిరంజన్ పాల్‌దని చెప్పండి. దర్శకుడి పార్టీ ఏదో కూడా దాచకుండా చెప్పండి.